బైబిలు వచనం ఎక్కడ ఆగింది, మీ మాట ఎక్కడ మొదలైంది?

(చెన్నై వేపేరిలో, పుస్తకం రాయాలనుకుంటున్న తెలుగు విశ్వాసులకు ఒక ప్రూఫ్ రీడర్ ఇచ్చిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ వందనాలు. వెనక వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు తమ్ముడూ, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆ, చాలు.

పాస్టర్ గారు నన్ను పరిచయం చేస్తూ "సాహిత్య సేవకుడు" అన్నారు. అంత పెద్ద మాట వద్దండీ, నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో కూర్చుని తెలుగు క్రైస్తవ పుస్తకాల రాతప్రతులు చదువుతున్నాను. ప్రసంగాలు, సాక్ష్యాలు, పాటల పుస్తకాలు, ప్రకటన గ్రంథం మీద వ్యాఖ్యానాలు... ఈ చివరివి మాత్రం లెక్కలేనన్ని. చెన్నైలో తెలుగు పుస్తకమేంటి అని కుర్రవాళ్లు కొంతమంది నవ్వుతారు. మనం ఇప్పుడు కూర్చున్న ఈ వేపేరిలోనే 1761 నుంచి అచ్చుయంత్రం ఆడింది. ఇంగ్లీషువాళ్లు పుదుచ్చేరిని పట్టుకున్నప్పుడు అక్కడి ఫ్రెంచివాళ్ల ప్రెస్సు కూడా చేతికొస్తే, దాన్ని తెచ్చి ఇక్కడున్న మిషనరీ ఫాబ్రీషియస్‌కి అప్పగించారు. బ్రౌను దొర తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది కూడా ఈ వేపేరిలోనే, క్రైస్తవ సొసైటీ వాళ్ల ప్రెస్సులో. అందుకని ఇక్కడ తెలుగు అచ్చు గురించి మాట్లాడటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

సరే, విషయానికొస్తాను. రాతప్రతి ఎలా తయారు చేయాలి అని అడిగితే చాలామంది ఫాంటు ఎంత, మార్జిన్ ఎంత అన్న దగ్గర మొదలుపెడతారు. అవీ చెప్తాను, కానీ అవి అరగంటలో నేర్చుకునేవి. క్రైస్తవ పుస్తకానికి మాత్రమే ఉన్న ఒక చిక్కు ఉంది, దాని గురించి ముందు మాట్లాడాలి. మామూలు నవలలో మాటలన్నీ రచయితవే. మన పుస్తకంలో పేజీకి మూడు నాలుగు చోట్ల వేరే మాట వస్తుంది, దాన్ని చదివేవాడు దేవుని మాట అని నమ్ముతాడు, కంఠతా పడతాడు, మంచం మీద ఉన్న మనిషి పక్కన కూర్చుని చదువుతాడు. కాబట్టి ఆ మాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, మీ మాట ఎక్కణ్ణుంచి అన్నది కంటికి కనబడి తీరాలి. కొటేషన్ గుర్తులు, రెఫరెన్సులు, బ్రాకెట్లు, చుక్కలు అన్నీ దీని కోసమే వచ్చాయి.

నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద ఓ పెద్దాయన పుస్తకం నా దగ్గరికొచ్చింది. పేరు వద్దు, ఆయన ఇప్పుడు ప్రభువు దగ్గరున్నారు. భాష మొత్తం పాత బైబిలు భాషే: "సహోదరుడా, నీవు కన్నీటితో విత్తినయెడల నీ ఇంటివారందరును ఆశీర్వాదమును చూచెదరు" ఇలాగన్నమాట. కొటేషన్ గుర్తు లేదు, రెఫరెన్సు లేదు. వచనాలేమో అని నేను ఒక సాయంత్రమంతా బైబిలు తిరగేశాను, ఏ మాట ఏ వచనంలో ఉందో చూపే పదకోశం నా దగ్గరుంటే అదీ చూశాను. కీర్తనల్లో కన్నీళ్లతో విత్తేవాళ్ల మాట ఉంది కానీ ఈ వాక్యం ఎక్కడా లేదు, ఆయన సొంతం. గుర్తు పెట్టి అడిగాను, "ఫరవాలేదు, వాక్యానుసారంగానే ఉంది కదా" అన్నారు. నేను చిన్నవాణ్ణి, ఊరుకున్నాను. రెండేళ్లకు ఒక గృహప్రవేశం కార్డు మీద ఆ వాక్యం, దాని కింద బ్రాకెట్లో "కీర్తనలు" అని ఉంది. అధ్యాయం లేదు, వచనం లేదు, ఉత్త కీర్తనలు! (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు కార్డు వేసినవాళ్లది కాదు, ఊరుకున్న నాది.

కాబట్టి మొదటి మాట: మీ వాక్యాలు మీ భాషలో రాయండి. మన బైబిలు వందేళ్ల కిందటి తెలుగులో ఉంది, మనం పుట్టినప్పటినుంచీ అదే విన్నాం, అందుకే పెన్ను పట్టగానే చేతికి "చేసియున్నాడు", "వచ్చియున్నాము", "యొద్దకు" వచ్చేస్తాయి. ఇంట్లో భార్యతో "నీవు కాఫీ తెచ్చియున్నావా" అంటామా? అనం కదా. వచనాన్ని దాని పాత తెలుగులో, ఒక్క అక్షరం మార్చకుండా పెట్టండి, మీ వివరణ మామూలు తెలుగులో రాయండి. అప్పుడు కొటేషన్ గుర్తు అచ్చులో ఎగిరిపోయినా సరే, చెవికి తేడా తెలుస్తుంది. వచనంలో "రాజ్యము" అని ఉంటే అలాగే ఉంచండి, మీ వాక్యంలో "రాజ్యం" రాయండి. ఇది నేను చాలా పుస్తకాల్లో చేసి చూశాను, బాగా పనిచేస్తుంది.

తర్వాత, ఏ అనువాదం? ఇప్పుడు తెలుగులో ఒకటికి నాలుగు అనువాదాలున్నాయి. ఫోన్‌లో యాప్ తెరిస్తే ఒక రకం, చేతిలో ఉన్న బైబిల్లో ఇంకో రకం, జ్ఞాపకం మీద రాస్తే మూడో రకం. ఈ మూడోదే ప్రమాదం. కంఠతా వచ్చిన వచనాన్ని ఎవరూ చూసుకోరు, "నాకు తెలుసు కదా" అంటారు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నది సండే స్కూలు పిల్లలకి కూడా వస్తుంది, దాన్నే "లేమి కలుగనియ్యడు" అని, "లేమి లేదు" అని రాసినవాళ్లని చూశాను. ప్రతి వచనం, ప్రతి ఒక్కటీ, పుస్తకం తెరిచి చూసి రాయండి. పుస్తకం మొత్తానికి ఒక అనువాదం పెట్టుకోండి, దాని పేరు కాపీరైటు పేజీలో ఒకసారి చెప్పండి, వేరేది వాడిన చోట మాత్రం రెఫరెన్సు పక్కన ఆ పేరు రాయండి. మీరే హెబ్రీ చూసి తెలుగు చేసుకుంటే "నా అనువాదం" అని రాయండి, సిగ్గుపడక్కర్లేదు. అర్థం మాత్రమే చెప్తున్నారా, అయితే కొటేషన్ గుర్తులు తీసేసి "ఈ వచనం చెప్పేదేంటంటే" అనండి. కొటేషన్ గుర్తు పెట్టారంటే "ఇది అక్షరాలా ఉన్నది" అని మాట ఇచ్చినట్టే.

అనువాదాలకి హక్కులు కూడా ఉంటాయి, ఇది మనవాళ్లకి ఎక్కదు. "దేవుని వాక్యానికి కాపీరైటేంటి బ్రదర్?" అంటారు. వాక్యానికి లేదు, అనువాదం చేసినవాళ్ల కష్టానికి ఉంది. ఇంగ్లీషులో ఎన్‌ఐవీ అనే అనువాదం వాళ్లు స్పష్టంగా రాసి పెట్టారు: 500 వచనాల వరకు రాతపూర్వక అనుమతి లేకుండా వాడుకోవచ్చు, కానీ బైబిల్లోని ఒక పుస్తకం మొత్తం ఎత్తి పెట్టకూడదు, మీ పుస్తకంలో నాలుగో వంతు అవే కాకూడదు. తెలుగు అనువాదాలకు ఎవరి షరతులు వాళ్లవి, బైబిలు మొదట్లో ఉన్న ఆ చిన్నక్షరాల పేజీ చదవండి. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ముఖ్య కార్యాలయం ఎక్కడో లేదు, బెంగళూరు ఎంజీ రోడ్డులో ఉంది. ఉత్తరం రాసి అడగండి.

రెఫరెన్సుల దగ్గరికొద్దాం. నాకు కళ్లజోడు నంబరు పెరిగింది దీనివల్లే. మనవాళ్లు పేర్లు కుదించి రాస్తారు, మంచిదే, కానీ ఒకాయన పుస్తకం మొత్తం "యో 3:1", "యో 3:1" అని రాసుకుంటూ పోయారు. ఏ యో అండీ? యోబు 3:1 ఉంది, యోవేలు 3:1 ఉంది, యోనా 3:1 ఉంది, యోహాను 3:1 ఉంది. నాలుగూ ఉన్నాయి! ఇంక "యె" అంటే యెహోషువ, యెషయా, యెహెజ్కేలు. ఇంగ్లీషు లెక్కన రెండక్షరాలకు కుదిస్తే తెలుగులో నడవదు. నన్నడిగితే పూర్తి పేరు రాయండి. "యోహాను 3:16". ఎంతసేపు పడుతుంది? కాగితం మరీ పొదుపు చేయాలంటే కీర్త., సామె., యిర్మీ. లాంటివి, మొదటి పేజీల్లో పట్టిక ఇచ్చి మరీ వాడండి. మొదటి సమూయేలుకి "1 సమూయేలు" అని అంకె ముందు పెట్టండి, కానీ వాక్యం అంకెతో మొదలుపెట్టకండి, అక్కడ "మొదటి సమూయేలులో" అని అక్షరాల్లో రాయండి.

అధ్యాయానికీ వచనానికీ మధ్య రెండు చుక్కలు. గీత పెట్టొద్దు. "యోహాను 3-16" అంటే మూడో అధ్యాయం నుంచి పదహారో అధ్యాయం దాకా అని అర్థం, చదివేవాడు పాపం పద్నాలుగు అధ్యాయాలు చదువుతాడు. వరసగా ఉన్న వచనాలకు గీత: 16-18. మధ్యలో వదిలేస్తే కామా: 16, 18. అధ్యాయం మారితే సెమికోలన్: రోమీయులకు 3:23; 6:23. ఒక్క అధ్యాయమే ఉన్న పుస్తకాలు ఐదున్నాయి, ఓబద్యా, ఫిలేమోను, 2 యోహాను, 3 యోహాను, యూదా. వీటికి "యూదా 3" అని రాస్తారో, "యూదా 1:3" అని రాస్తారో మీ ఇష్టం, కానీ ఏదో ఒకటే. కొత్త విశ్వాసి "యూదా 3" చూసి మూడో అధ్యాయం కోసం వెతుకుతాడు కాబట్టి నేను రెండోదానికే ఓటేస్తాను. పూర్ణవిరామం ఎక్కడ? వచనం అయ్యాక కొటేషన్ ముగించి, బ్రాకెట్లో రెఫరెన్సు పెట్టి, అప్పుడు చుక్క. వచనం నాలుగు లైన్లు దాటితే విడిగా కిందికి దించి, ఎడమవైపు కొంచెం లోపలికి జరిపి పెట్టండి. అలా జరిపినప్పుడు కొటేషన్ గుర్తులు అక్కర్లేదు, జరపడమే గుర్తు.

ఈ అంకెలు కూడా ఆకాశం నుంచి దిగినవి కావు, తెలుసుకోండి. అధ్యాయాలుగా విడగొట్టింది పదమూడో శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు ఆర్చిబిషప్పు. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచనాల అంకెలు 1551లో రోబేర్ ఎస్తియెన్ అనే ప్రింటరు వేశాడు. చూశారా, మా ప్రింటర్ల కులం వాడే! (నవ్వులు) ఎందుకు చెప్తున్నానంటే, అందరి దగ్గరా అంకెలు ఒకేలా లేవు. హెబ్రీ బైబిల్లో యోవేలుకి నాలుగు అధ్యాయాలు, మనకి మూడు. మలాకీకి అక్కడ మూడు, మనకి నాలుగు. కీర్తనల పైన ఉండే శీర్షికని వాళ్లు వచనంగా లెక్కేస్తారు, అందుకే 51వ కీర్తనలో మన మొదటి వచనం వాళ్ల లెక్కలో మూడోది. లాటిన్ సంప్రదాయం పట్టుకున్న పాత కథోలిక పుస్తకాల్లో మన 23వ కీర్తన 22వది. ఏదైనా పెద్ద వ్యాఖ్యానం పక్కన పెట్టుకుని రాసేటప్పుడు అందులో అంకెని కళ్లు మూసుకుని దించకండి, మన తెలుగు బైబిలు తీసి అక్కడ ఆ మాటే ఉందో లేదో చూడండి.

వచనాన్ని కోయడం గురించి. మధ్యలో మాటలు వదిలేస్తే మూడు చుక్కలు పెట్టాలి, మీరు చేర్చిన మాటకి చదరపు బ్రాకెట్ పెట్టాలి, ఇవి అందరికీ తెలిసినవే. చుక్కలతో పట్టుబడని కోత ఇంకోటుంది. మన తెలుగువాళ్ల ఇళ్లల్లో క్యాలెండరు మీద, కొత్త షాపు ఓపెనింగు కార్డు మీద ఎక్కువగా కనబడే వచనం ఏది? "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." యోబు 8:7. ఇది ఎవరన్న మాట? ... చెప్పండి. దేవుడా? కాదు. యోబా? కాదు. బిల్దదు! యోబు కష్టంలో ఉంటే వచ్చి "నువ్వేదో పాపం చేసుంటావు" అన్న స్నేహితుల్లో ఒకడు. పుస్తకం చివర 42వ అధ్యాయంలో దేవుడు ఆ ముగ్గురి మీదా కోప్పడి, మీరు నా గురించి సరిగా మాట్లాడలేదు అంటాడు. నేను ఆ వచనం వాడొద్దనట్లేదు. "దేవుడు వాగ్దానం చేశాడు" అని దాని ముందు రాయొద్దంటున్నాను. "బిల్దదు యోబుతో అన్న మాట" అని రాసి, తర్వాత మీరు చెప్పదలుచుకుంది చెప్పండి. ఎవరి మాటో చెప్పడం కూడా ఫార్మాటింగే, నా లెక్కలో.

ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవాళ్లు చేతులెత్తండి. అబ్బో, సగం మంది. మీకొకటి. ఇంగ్లీషు బైబిల్లో "లార్డ్" రెండు రకాలుగా అచ్చేస్తారు, గమనించారా? ఒక చోట మామూలుగా, ఇంకో చోట అన్నీ పెద్దక్షరాలే, కాకపోతే సైజు చిన్నవి. అలా పెద్దక్షరాల్లో ఉన్న చోట హెబ్రీలో దేవుని పేరుంది, మన పాత బైబిల్లో అక్కడ "యెహోవా" ఉంటుంది. మామూలుగా ఉన్న చోట "ప్రభువు". ఇంగ్లీషు ఫైలుని కంప్యూటర్ అనువాదంలో పడేస్తే ఈ తేడా ఎగిరిపోయి అంతా "ప్రభువు" అయిపోతుంది. 110వ కీర్తన మొదటి వచనం మనకి "యెహోవా నా ప్రభువుతో" అని ఉంటుంది. అదే మాట మత్తయి 22:44లో వచ్చినప్పుడు "ప్రభువు నా ప్రభువుతో" అని ఉంటుంది, ఎందుకంటే గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట. మీరు రెండూ ఒకటి చేసేస్తే, ఆ అధ్యాయంలో మీరు చేయబోయే వాదనే కూలిపోవచ్చు. కథోలికులు అనువాదం చేసిన బైబిల్లో పరిశుద్ధాత్మకి "పవిత్రాత్మ" అంటారు. మీ పుస్తకం ఎవరి కోసమో ముందే తేల్చుకోండి.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఇంకో పెద్ద గొడవ, దేవుణ్ణి అనే "హీ" పెద్దక్షరంతోనా చిన్నక్షరంతోనా అని. మనకి ఆ బాధ లేదు, అక్షరాల్లో పెద్దా చిన్నా లేవు కదా. అయినా ఒక బ్రదరు ఊరుకోక, దేవుని గురించి వచ్చిన ప్రతి "ఆయన"నీ బోల్డు చేసి పంపారు. పేజీ చూస్తే చీమలు పట్టినట్టుంది. మన భాషలో గౌరవం మాటలోనే ఉంది, ఇంకు దండగ. అయితే మన బాధ మనకుంది. ఇప్పటివాళ్లు పేతురు గారు, పౌలు గారు అని అందర్నీ "ఆయన" అంటారు. భక్తి మంచిదే. కానీ యేసు పేతురు కాళ్లు కడిగిన చోట "ఆయన ఆయన పాదాలు కడిగారు" అని రాస్తే ఎవరు ఎవరివి కడిగినట్టు? పాత అనువాదకులు యేసుకి "ఆయన", శిష్యులకి "అతడు" పెట్టి ఈ చిక్కు ఎప్పుడో విప్పేశారు. పేతురు ఏమీ అనుకోడు. "ఆయన వచ్చాడు"నా, "ఆయన వచ్చారు"నా అంటే రెండూ తెలుగే, మొదటి పేజీలో ఒకటి, పదో పేజీలో ఒకటి ఉండకూడదంతే.

అందుకే ఒక విడి కాగితం పెట్టుకోమంటాను. పెద్ద విద్యేం కాదు. రాస్తూ ఉండగా ఏ మాట ఎలా రాయాలని నిర్ణయించుకున్నారో దాని మీద రాసుకోండి. సిలువా శిలువా, బాప్తిస్మమా బాప్తీస్మమా, ఇశ్రాయేలా ఇస్రాయేలా, హల్లెలూయకి చివర దీర్ఘం ఉందా లేదా. బైబిల్లో ప్రజల్ని "ఇశ్రాయేలు" అని రాసి, పేపర్లో వచ్చే ఈనాటి దేశాన్ని "ఇజ్రాయెల్" అని రాస్తే మంచిదే, కావాలని చేశారని ఆ కాగితంలో ఉండాలి, లేకపోతే నాలాంటివాడు అచ్చుతప్పనుకుని అన్నీ ఒకటే చేసేస్తాడు. రాతప్రతితో పాటు ఆ కాగితం కూడా పంపితే, మీ కాళ్లకి దండం పెడతాను.

ఇప్పుడు టైపింగు. త్వరగా చెప్పేస్తాను. ఏ4 సైజు, 12 పాయింట్లు, లైన్ల మధ్య డబుల్ స్పేసు, పేజీ నంబర్లు, పుస్తకం మొత్తం ఒకే ఫైలు. పదిహేను వాట్సాప్ మెసేజీలు కాదు. యూనికోడ్‌లో టైప్ చేయండి, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనబడే పద్ధతి అది. "అను" అనే ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లు ఇంకా వస్తున్నాయి, పేజ్‌మేకర్ 2001లో ఏడో వెర్షన్‌తోనే ఆగిపోయింది, మనవాళ్లు మాత్రం ఆగలేదు. (నవ్వులు) ఆ ఫాంటు నా కంప్యూటర్లో లేకపోతే మీ సువార్త అంతా ఇంగ్లీషు అక్షరాల చెత్తగా కనబడుతుంది, యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు గల్లంతు. పుస్తకం డిజైన్ చేసేవాళ్లు ఇన్‌డిజైన్ వాడితే, పేరా సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టమనండి, లేకపోతే మన ఒత్తులు పక్కకి జారి కూర్చుంటాయి. హెబ్రీ, గ్రీకు మాటలుంటే తెలుగు లిపిలో రాయండి, షాలోం, అగాపే అని. హెబ్రీ కుడి నుంచి ఎడమకి రాసే లిపి, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో దానికి వెళ్లేసరికి తలకిందులైనా పట్టుకునేవాళ్లు మనలో ఎవరున్నారు?

శీర్షిక మధ్యలోకి రావాలని స్పేస్‌బార్ నలభైసార్లు కొట్టకండి. కొత్త పేజీ కోసం ఎంటర్ కొట్టుకుంటూ పోకండి. యేసు మాటలు ఎర్రరంగులో పెట్టకండి. అది 1899లో లూయీ క్లోప్ష్ అనే అమెరికా పత్రికాయన మొదలుపెట్టిన పద్ధతి, బైబిలుకి బానే ఉంటుంది, మీ పుస్తకానికి రెండో రంగు ఇంకు డబ్బులు ఎవరిస్తారు? ఇంకొకటి, ఫోన్‌కి నోటితో చెప్పి టైప్ చేయించేవాళ్లు ఎక్కువయ్యారు. అది మాటల మధ్య ఎక్కడ పడితే అక్కడ ఖాళీ పెడుతుంది. "పాపక్షమాపణ" కలిపి రాయాలి. ఒకరి ఫైల్లో "పాప క్షమాపణ" అని విడిగా వచ్చి, అదీ లైను చివర విరిగి, పైలైన్లో "పాప", కిందలైన్లో "క్షమాపణ". మా అమ్మాయి పక్క నుంచి చూసి "ఏ పాప నాన్నా, ఏం తప్పు చేసింది?" అంది.

ప్రసంగాల రికార్డింగుని పుస్తకం చేసేవాళ్లకి ఒక మాట. మాటలో ఉన్నది కాగితం మీద చచ్చిపోతుంది. "ఈ ఉదయకాలమున", "పక్కవాళ్లతో చెప్పండి", "అందరం లేచి నిలబడదాం" అన్నీ అలాగే దింపేస్తారు. బస్సులో కూర్చుని చదువుకునేవాడు లేచి నిలబడాలా? ఒకే మాట మూడుసార్లు అంటే సభలో బలం, పేజీలో బరువు. సాక్ష్యాల్లో వేరేవాళ్ల కథ ఉంటే వాళ్లని అడగండి, పేరూ ఊరూ మార్చండి. మీ సంఘంలో ఒక చెల్లెమ్మ రహస్యంగా చెప్పుకున్న బాధ మీ ఏడో అధ్యాయంలో చదువుకోకూడదు.

ముందుమాటలు. నవ్వకండి, ఇది సీరియస్. తొమ్మిది మంది పాస్టర్ల ముందుమాటలతో వచ్చిన ఎనభై పేజీల పుస్తకం చూశాను నేను. ఒకరిని అడిగి ఇంకొకరిని అడక్కపోతే ఏమనుకుంటారో అని. చదివేవాడు అసలు పుస్తకం చేరేసరికి ఇరవయ్యో పేజీ. ఒకటి చాలు, ఆ ఒక్కరూ నిజంగా పుస్తకం చదివినవాళ్లైతే ఇంకా మంచిది. మిగతావాళ్లకి కృతజ్ఞతల్లో చోటివ్వండి. పాటల చరణాలు వాడితే రాసినవాళ్ల అనుమతి కావాలి. మన చట్టంలో హక్కు రచయిత బతికినంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు. పురుషోత్తమ చౌధరి గారు 1890లో పోయారు, ఆయన కీర్తనలు ఎవరైనా వేసుకోవచ్చు. నిన్న యూట్యూబులో వచ్చిన పాట అలా కాదు. ఐఎస్‌బీఎన్‌కి అంటే పుస్తకం గుర్తింపు నంబరుకి, మన దేశంలో డబ్బు కట్టక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి దరఖాస్తు చేస్తే ఉచితంగా ఇస్తారు, మధ్యలో ఎవరైనా వేలల్లో అడిగితే ఇవ్వకండి. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో చట్టప్రకారం నాలుగు గ్రంథాలయాలకి కాపీ పంపాలి, అందులో ఒకటి మన ఎగ్మోరు కన్నెమరా. 1954 నాటి చట్టం. పంపినవాళ్లని నేను ముగ్గుర్నే చూశాను. 

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: బ్రదర్, వచనాలన్నీ బోల్డు చేస్తే బాగుంటుంది కదా, కళ్లకి కొడతాయి?)

కొడతాయి, నిజంగానే కొడతాయి. పేజీలో ఆరు వచనాలుంటే బోల్డు ఏది, మామూలు ఏది? తెలుగు అక్షరం అసలే గుండ్రం, బోల్డు చేస్తే లోపలి సున్నాలు పూడిపోయి చిన్న సైజులో చదవడం కష్టం. అధ్యాయానికి ఆధారమైన వచనం ఒక్కటి పైన పెట్టి, దాన్ని కావాలంటే బోల్డు చేయండి.

(ఒక పెద్దావిడ: అయ్యా, నాకు కంప్యూటరు రాదు. మా ఆయన చేసిన ప్రార్థనలు, చెప్పిన వాక్యం పదకొండు నోటుపుస్తకాల్లో రాసిపెట్టాను. అవి ఇవ్వొచ్చా?)

ఇవ్వొచ్చమ్మా, ఎందుకివ్వకూడదు. నేను పని నేర్చుకున్నది చేతిరాత మీదే. వచనాల కింద ఒక గీత గీయండి, అయ్యగారి మాట కింద వద్దు, అంతే చాలు నాకు. గుర్తు లేని చోట పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. కొత్త పుస్తకం మొదలుపెడితే మాత్రం కాగితానికి ఒకవైపే రాయండి, ఎడమవైపు నా పెన్సిలుకి రెండు వేళ్ల చోటు వదలండి. ఇంకా... ఆ, నోటుపుస్తకాలు మీరే మొయ్యకండమ్మా, వ్యాసర్‌పాడి నుంచి బస్సులో పదకొండు పుస్తకాలంటే కష్టం. ముందు అన్నీ జిరాక్స్ తీయించి జిరాక్సులే నాకు పంపండి. అసలువి ఇంట్లోనే ఉండనివ్వండి.